అడిగి పుచ్చుకొన్న పని

రెండేండ్ల క్రిందట నేనొక అబద్ధము క్రింద సంతకము పెట్టితిని. పెట్టునప్పుడు అది అబద్ధమని తోచలేదు. ఫలానా లా విద్యార్థి మా వద్ద నాలుగు వారములు శ్రద్ధతో పనిచేసి సంతృప్తి కలిగించెనని, మా కార్యాలయపు పేరు అచ్చు వేసిన కాగితముపై గుమాస్తా టైపు చేసి తెచ్చెను. సెలవుల కాలమున అట్టి కాగితములు నాలుగైదు వచ్చుచుండును. అలవాటు చొప్పున సంతకము చేసి, ముద్ర వేయించి, ఆ అబ్బాయి చేతికిచ్చితిని. అతడు నమస్కరించి వెళ్లెను. ఆ సాయంకాలము పుస్తకముల బీరువా ప్రక్కన అతడు కూర్చుండిన కుర్చీ ఖాళీగా కనబడినది. అతడు చేసిన పని ఒక్కటైనను జ్ఞాపకమునకు తెచ్చుకొనవలెనని ప్రయత్నించితిని. ఒక్కటియు రాలేదు.

మా కార్యాలయము చెన్నపట్నమున తంబుచెట్టి వీధిలో ఉన్నది. ఇటు హైకోర్టు, అటు షావుకారుపేట. ఆ అబ్బాయి తండ్రి షావుకారుపేటలో వ్యాపారము చేయు నా చిన్ననాటి స్నేహితుడు. "మావాణ్ణి ఈ సెలవుల్లో నీ దగ్గర కూర్చోబెట్టుకో" అని ఆయన అడిగెను. నేను సరేనంటిని. అక్షరాల అంతే జరిగినది, కూర్చుండబెట్టుకొంటిని.

కొన్నాళ్లకు ఒక పెండ్లిలో ఆ అబ్బాయి కనబడెను. కార్యాలయములో నన్ను సార్ అని పిలిచినవాడు పెండ్లిలో బాబాయిగారూ అని పిలిచెను గనుక, నాకును అడుగుటకు చనువు కలిగినది.

"ఏం నాయనా, నెల రోజులున్నావు. ఒక్కనాడైనా నాకు ఫలానా పని ఇవ్వండి అని అడగలేదేం?"

"మీరు ఊపిరి సలపకుండా ఉన్నారండీ. అవసరమైతే మీరే పిలుస్తారనుకున్నాను. పెద్దవాళ్లను అడిగి విసిగించడం మర్యాద కాదు కదండీ."

"మరి కాలేజీవాళ్లకు చూపించే డైరీలో ఏం రాశావు?"

అతడు తల వంచుకొనెను. "రోజూ ఫైళ్లు చదివాను అని రాశానండీ."

నా యోగ్యతాపత్రము ఒకటి, అతని దినచర్య పుస్తకము ఒకటి. రెండును ఒకే కాలేజీకి చేరినవి, రెండును ఒకదానికొకటి సాక్ష్యము చెప్పుకొన్నవి. ఇందులో తప్పెవరిదను ప్రశ్న నన్ను విడువలేదు. వినయముచేత పని అడుగనివాడు తప్పు చేసినవాడగునా? పని అడుగుట గుణమా, లేక ఆశకు మరియొక పేరా? మన కుటుంబములలో ఇప్పుడు కొట్టుకు బదులు కోర్టును కోరు పిల్లలు పెరుగుచున్నారు గనుక, ఈ సంచికలో ఆ ప్రశ్నను నలుగురి ముందు పెట్టుచున్నాను.

ముందుగా ఈ శిక్షణ సంగతి తెలియనివారికి రెండు మాటలు. భారత బార్ కౌన్సిలువారు 2008లో చేసిన న్యాయవిద్యా నియమముల ప్రకారము అయిదేండ్ల కోర్సు చదువువారు మొత్తము 20 వారములు, మూడేండ్ల కోర్సువారు 12 వారములు న్యాయవాదుల వద్దనో, లా ఫర్ములలోనో, కోర్టులు మొదలగు చోట్లనో ఉండి పని నేర్వవలెను. ఒక ఏట ఎడతెగకుండ నాలుగు వారములకు మించరాదు. దీనినే ఇంటర్న్‌షిప్ అనుచున్నారు. పట్టము పుచ్చుకొన్న తరువాత పేరు నమోదగుటకు ముందు శిక్షణ పొందవలెనను పూర్వపు నిబంధన 1973 నాటి సవరణతో పోయినది. 1995లో బార్ కౌన్సిలు దానిని నియమముల రూపమున మరల తేగా, 1999లో సుప్రీంకోర్టు చెల్లవని కొట్టివేసినది. కనుక విద్యార్థి నల్లకోటు తొడుగుటకు ముందు నిజమైన కక్షిదారు కాగితమును చూచు అవకాశము చాలమందికి ఈ వారములలోనే. ఇరువది వారములలో నాలుగు పోయినవనగా అయిదవ వంతు పోయినదన్న మాట. వ్యాపారస్థులకు లెక్క చెప్పనక్కరలేదు.

ఇక ఆ అబ్బాయి చెప్పిన మర్యాద సంగతి. నేను కూడ కొట్టులో పెరిగినవాడనే. మా నాయనగారిది బట్టల వ్యాపారము. పండ్రెండవ ఏట సెలవులలో నన్ను తీసికొనిపోయి గద్దె ప్రక్కన నిలబెట్టిరి. ఇది చేయుము, అది చేయుమని ఎవరును చెప్పలేదు. మొదటి రోజు కాళ్లు లాగునంతసేపు నిలబడి ఇంటికి వచ్చితిని. రెండవనాడు బేళ్లు విప్పినప్పుడు క్రింద పడిన పురికొస ముక్కలు ఏరి ఉండగా చుట్టితిని. మూడవనాడు కొనువారు విప్పి చూచి వదలిన తానులు మడిచితిని. నాలుగవనాడు నాయనగారు ఏమియు మాటలాడక గజపు బద్ద నా చేతికిచ్చిరి. మా ఇండ్లలో పని నేర్పు పద్ధతి ఇదే. నోరు మెదపక, కన్ను తెరచి, చేయి ముందుకు చాచవలెను. కనుక ఆ అబ్బాయి అడుగకుండుటను మర్యాద యనుకొనుట అతడు పుట్టిన ఇంటి సంస్కారమే. దానిని నేను తేలికగా తీసివేయజాలను.

కాని కొట్టు వేరు, న్యాయవాది గది వేరు. కొట్టులో పని కంటికి కనబడును. తాను విప్పి యున్నది, పురికొస నేలపై పడి యున్నది. చూచినవానికి చేయవలసినదేమో తెలియును. లా ఫర్ములో చూచుటకేమున్నది? నలుగురు మనుష్యులు నాలుగు తెరల ముందు కూర్చుండి టైపు చేయుచుందురు. ఒకరు హైకోర్టు రిజిస్ట్రీ లోపములు చూపి తిప్పిపంపిన కాగితములను మరల దాఖలు చేయు తొందరలో ఉందురు. మరియొకరు ఒప్పందములో ఒక వాక్యమును పదవసారి మార్చుచుందురు. బయటినుండి చూచినచో ఇద్దరును ఒకే తీరుగా కనబడుదురు. ఎవరికి సాయము కావలెనో కన్ను చెప్పదు.

అంతకంటె ముఖ్యమైన భేదము మరియొకటి యున్నది. కొట్టులో కుర్రవాడు ఏ తానునైనను తాకవచ్చును. న్యాయవాది గదిలో ఏ ఫైలునైనను విప్పరాదు. కక్షిదారు చెప్పిన రహస్యమును న్యాయవాది బయట పెట్టరాదని 1872 నాటి సాక్ష్య చట్టము విధించి, ఆ కట్టడిని అతని గుమాస్తాలకు, నౌకరులకు కూడ వర్తింపజేసినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములోను ఆ కట్టడి అట్లే యున్నది. నాలుగు వారములకు వచ్చిన విద్యార్థి తనంతట తాను బీరువా తెరచి, ఎవరి ఆస్తి తగాదానో, ఎవరి దాంపత్యపు గొడవనో చదువుట ఉత్సాహమనిపించుకొనదు. మన పెద్దలు అదత్తాదానమని పేరు పెట్టినది దానికి దూరమేమియు కాదు. ఇయ్యనిది తీసికొనుటయే కదా. కాబట్టి ఇచట చేయి ముందుకు పోరాదు. నోరే ముందు పోవలెను. కొట్టులో అడుగకుండ చేయుట వినయమైనచో, ఇక్కడ అడిగి చేయుటయే వినయము. ఆ అబ్బాయికి ఈ సంగతి ఎవరును చెప్పలేదు. చెప్పవలసినవాడను నేను.

పని లేని చోట పని వెదకికొనుటను గూర్చి తలచినప్పుడెల్ల నాకు గాంధీగారి తొలినాళ్లు జ్ఞాపకము వచ్చును. 1893 మే నెలలో డర్బను రేవున దిగునప్పటికి ఆయనకు ఇరువదిమూడేండ్లు. బారిష్టరు పట్టమున్నది, వృత్తి సాగలేదు. బొంబాయి స్మాల్ కాజ్ కోర్టులో మొదటి వ్యాజ్యమున ప్రశ్నించుటకు లేచి, నోట మాట రాక కూర్చుండి, వేరొక వకీలును పెట్టుకొనుడని చెప్పివేసినవారు. నూట అయిదు పౌనులకు, దారి ఖర్చులకు ఒప్పుకొని, ఏడాది గడువుకు దాదా అబ్దుల్లా సేఠు కంపెనీ పనిమీద దక్షిణాఫ్రికాకు పోయిరి. అక్కడ చూడబోగా సేఠుగారికి ఆయనకియ్యదగిన పని తోచలేదు. సోదరుడు తెల్ల ఏనుగును పంపినాడని సేఠుగారు తల పట్టుకొన్నట్లు గాంధీగారే స్వీయచరిత్రలో చెప్పుకొనిరి. ప్రిటోరియాకు పోగా అక్కడి అటార్నీయు దాదాపు ఆ మాటయే అనెను: పెద్ద న్యాయవాదులను ఇదివరకే పెట్టుకొన్నాము, బారిష్టరుగా మీతో పని లేదు, కక్షిదారునుండి కావలసిన సమాచారము తెప్పించుటకు మాత్రము మీ సహాయము తీసికొందును.

మన శిక్షణార్థి స్థితికిని దీనికిని భేదమేమున్నది? కుర్చీ యున్నది, పని లేదు. అయితే ఆ వ్యాజ్యమంతయు జమాఖర్చులమీద నడచుచున్నదని, తనకు పద్దుల సంగతి ఏమాత్రము తెలియదని గాంధీగారు గ్రహించిరి. గుమాస్తా 'పీ నోటు' అనగా నిఘంటువులో వెదకి దొరకక, చివరకు అది ప్రామిసరీ నోటని ఆ గుమాస్తా వద్దనే తెలిసికొనిరట. చిట్టా ఆవర్జాల పద్ధతి తెలుపు పుస్తకము కొని చదివిరి. వ్యాజ్యపు కాగితములన్నియు మొదటినుండి చదివిరి. గుజరాతీలో ఉన్న ఉత్తరములను ఇంగ్లీషులోనికి తిప్పిరి. ఇందులో బారిష్టరుకు గౌరవము తెచ్చు పని ఒక్కటియు లేదు, అంతయు గుమాస్తా పనియే. కాని దానివలననే సంగతులు ఆయనకు కరతలామలకమైనవి. వ్యాజ్యము ఇట్లే సాగినచో వాది ప్రతివాదులిద్దరును కూలిపోవుదురని కాగితములే ఆయనకు చెప్పినవి. మధ్యవర్తి తీర్పుకు ఇద్దరిని ఒప్పించిరి. ముప్పదియేడువేల పౌనులు, ఖర్చులు సేఠుగారికి రావలసినవని తేలిన తరువాత, ఓడిన బంధువు ఒక్కసారిగా చెల్లించి దివాలా తీయకుండ దీర్ఘకాలపు వాయిదాలు ఇప్పించిరి. పని చూపువారు లేని చోట పద్దు పుస్తకము తెరచి కూర్చుండిన యువకుడు రెండు వ్యాపార కుటుంబములను నిలబెట్టెను. పద్దు చదువుట చిన్నతనమని తలచియున్నచో ఏడాది గడువు తీర్చుకొని తిరిగి వచ్చియుండెడివారేమో.

ఇంత చెప్పినానని, అడుగువారందరును మంచివారని నా అభిప్రాయము కాదు. అడుగుటలో వేరొక రోగమున్నది. ఒకప్పుడు మా వద్దకు వచ్చిన ఒక విద్యార్థి మొదటి వారములోనే నలుగురు జూనియర్ల వద్ద నాలుగు పనులు అడిగి పుచ్చుకొనెను. అందరును మెచ్చుకొంటిమి. రెండవ వారాంతమునకు నాలుగును సగములో ఉన్నవి. ఆ నలుగురును తమ పని ఒకరు చేయుచున్నారని నమ్మి చేతులు ముడుచుకొని యుండిరి గనుక, వాయిదా ముందురాత్రి మేలుకొని చేసికొనవలసి వచ్చెను. పైగా పుటల అంకెలు వేయుట, తేదీల పట్టిక కూర్చుట వంటి పనులు చెప్పినప్పుడు అతని ముఖము వాడెడిది. కోర్టుకు పోవుట, పెద్ద కంపెనీ ఒప్పందము చూచుట అనినచో వెలిగెడిది. అతడు అడిగినది పనిని కాదు, తన బయోడేటాలో చేర్చుకొను వాక్యమును. ఆశ సరుకు రూపముననే ఉండునని మనము అనుకొందుము; అది పనిని కోరునట్లు కూడ వేషము వేయగలదు.

మెప్పుకొరకు తొందరపడువారికి ఈనాడు ఇంకొక ఉచ్చు ఏర్పడినది. అడిగిన నిమిషములోనే కంప్యూటరు తీర్పుల జాబితా కూర్చి ఇచ్చుచున్నది. 2023లో న్యూయార్కులోని ఒక ఫెడరల్ కోర్టులో న్యాయవాదులు అట్లు పుట్టిన, లోకములో ఎక్కడను లేని తీర్పులను దాఖలు చేసి అయిదువేల డాలర్ల జుర్మానా పాలైరి. వారు అనుభవము గల న్యాయవాదులే. పరీక్షించుటకు తీరిక లేని సీనియరుకు అట్టి జాబితా తెచ్చి ఇచ్చు విద్యార్థి, అడుగక కూర్చుండినవానికంటె ఎక్కువ నష్టము చేయును. కూర్చుండినవాడు కుర్చీని మాత్రమే వాడుకొనెను.

అయితే ఎట్లు అడుగవలెను? మరుసటి ఏడు జూన్ నెలలో కోర్టులు తెరచిన వారమున ఒక అమ్మాయి వచ్చెను. తండ్రి రైల్వేలో చిన్న ఉద్యోగి. మాకు ఎవరును సిఫారసు చేయలేదు, ఈమెయిలు వ్రాసి వచ్చినది. మొదటి రెండు రోజులు "ఏమైనా పని ఉందా సార్" అని వాకిట నిలబడి అడిగెను. లేదమ్మా అని రెండుసార్లును అంటిని. నిజమునకు పని కొల్లలుగా ఉన్నది. కాని ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్నచో నేను చేయుచున్న పని ఆపి, ఆమెకు తగినదేదో ఆలోచించి, విడమరచి చెప్పవలెను. అందుకు తీరిక లేక లేదంటిని. పని ఉన్నదా యని అడుగుట, భారము దించుదునని చెప్పుచునే ఇంకొక భారము నెత్తిపై పెట్టుట. ఈ సంగతి అడుగువారికి తెలియదు, లేదనువాడును చెప్పడు.

మూడవనాడు ఆమె వేరువిధముగా వచ్చెను. "సార్, నెల్లూరువాళ్ల పంపకాల దావాలో పాత తెలుగు దస్తావేజు ఉందనీ, దాన్ని ఇంగ్లీషులోకి రాసేవాళ్లు దొరకలేదనీ గుమాస్తాగారు అన్నారు. నేను తెలుగు చదవగలను. మీరు సరేనంటే మొదటి రెండు పేజీలు రేపు మధ్యాహ్నానికి రాసి చూపిస్తాను. పనికొస్తేనే మిగతాది చేస్తాను."

నేను చేయవలసినదెల్ల ఊ అనుట మాత్రమే. ఆమె గుమాస్తాను అడిగెను. మా వీధిలో ఏ కార్యాలయములోనైనను అన్ని సంగతులు తెలిసినవాడు గుమాస్తాయే, సీనియరు కాదు. తనకు వచ్చినదేదో చెప్పెను, గడువు తానే పెట్టుకొనెను, బాగుగా లేనిచో వదలివేయుటకు నాకు దారి ఉంచెను. ఫైలు మాత్రము నేను తీసి ఇచ్చువరకు తాకలేదు.

మరునాటి మధ్యాహ్నము తెచ్చిన కాగితమునందు అక్కడక్కడ ఖాళీలు ఉండెను. దస్తావేజు గొలుసుకట్టు వ్రాతలో ఉన్నది. చదువుటకు రాని పదములకు ఎదుట ఆమె గీత గీచి, ప్రక్కన 'చదువుటకు వీలుకాలేదు' అని వ్రాసెను. రెండు పుటలలో అట్టివి తొమ్మిది. ఊహించి నింపియున్నచో నాకు తెలిసెడిది కాదు; పొలము హద్దులలో ఒక్క పదము తారుమారైనను కక్షిదారుకు తెలిసెడిది. ఆ తొమ్మిది గీతలను చూచిన తరువాతనే నేనామెకు నమ్మకముతో పని ఇయ్యసాగితిని. గొలుసుకట్టు తెలిసిన ఒక వృద్ధుని వద్దకు కక్షిదారు అనుమతితో పంపగా ఆ ఖాళీలు కూడ నిండినవి.

ఆమె వెళ్లిన తరువాత తెలిసిన సంగతి ఒకటి చెప్పవలెను. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే అసలు కారణము. ముందటి ఏడు జూన్ నెలకు కూడ ఆమె చోటు కోరి మాకు వ్రాసినది. చోటు లేదని మా కార్యాలయము సమాధానమిచ్చినది. చోటు నిజముగనే లేదు. బీరువా ప్రక్కనున్న కుర్చీ నా స్నేహితుని కుమారునికి ఇచ్చివేసియుంటిని.

అప్పటివరకు ఆ అబ్బాయి ఊరక కూర్చుండుటను ఎవరికిని హాని లేని పనిగా భావించుచుంటిని. కాలము పోయినచో అతనిదే పోయినదని సమాధానపడుచుంటిని. కాని లోకములో ఖాళీ కుర్చీలు లెక్కకు తక్కువ. ఒకరు కూర్చుండినచో మరియొకరు బయట నిలబడవలెను. పలుకుబడి గల ఇంట పుట్టి చోటు సంపాదించినవాడు దానిలో పని అడుగకుండ కూర్చుండినయెడల, బయట నిలబడినవారి సొమ్ము వాడుకొన్నట్లే. వడ్డీ వ్యాపారము తెలిసిన కుటుంబములకు ఇది అర్థమగును: నిలువ డబ్బు పెట్టెలో ఉంచినవానికే కాక, దానిని అప్పుగా కోరి దొరకని వానికి కూడ నష్టము.

అతనిని మాత్రము నిందించి ఊరకుందునా? అతడు వచ్చిననాడే ఇవ్వదగిన పని చూడనివాడను నేను. స్నేహితుని సంతోషపెట్టుటకు చేర్చుకొంటినే గాని నేర్పుటకు కాదు. అతని దినచర్యలోని అబద్ధమునకు ముందు నా ఒప్పుకోలులోని అబద్ధమున్నది. జీతములేక వచ్చు విద్యార్థులు పెక్కుమంది. బస ఖర్చు, బస్సు ఖర్చు తామే పెట్టుకొందురు. వారిలో మాతృభాషలో చదివి వచ్చి, ఇంగ్లీషులో ఒక వాక్యము కూర్చుకొని గది తలుపు తట్టుటకు మూడు దినములు పట్టు పిల్లలున్నారు. వారి మౌనమును సోమరితనమని లెక్కించుట అన్యాయము. అడుగుట విద్యార్థి విధి యనునప్పుడు, అడుగదగిన వేళ యేదో చెప్పుట పెద్దవాని విధి యనవలెను. ఇప్పుడు మా కార్యాలయములో సాయంకాలము అయిదున్నరకు పది నిమిషములు అందుకొరకు ఉంచితిమి. కొన్నాళ్లు తప్పిపోవుచున్నది, ఆ తప్పు నాదే.

మొన్న డిసెంబరులో ఆ అబ్బాయికి నేనే కబురు పంపితిని. రెండు వారములు వచ్చెను. ఈసారి మొదటినాడే గుమాస్తా వద్దకు పోయి, రిజిస్ట్రీ తిప్పిపంపిన కాగితములు ఏవైన ఉన్నచో పుటలు సరిచూచెదనని అడిగెనట. నాలుగువందల చిల్లర పుటల అప్పీలు కట్టలో ఒక రసీదు వెనుక వైపు నకలు తీయక వదలివేసినారని పట్టుకొనెను. ఆ వెనుకవైపుననే చెల్లింపు తేదీ ఉన్నది. అది గొప్ప పరిశోధన యని అతడు అనుకొనలేదు. నాకు చెప్పక గుమాస్తాకే చెప్పి, నకలు తీయించి, మరల అంకెలు వేసెను.

చివరినాడు యోగ్యతాపత్రము నా చేతితో వ్రాసితిని. ఎన్ని కట్టలు సరిచూచెనో, ఏ లోపము కనిపెట్టెనో అందులో ఉన్నది. శ్రద్ధ యను మాట లేదు. అతడు చదువుకొని, మడిచి, జేబులో పెట్టుకొని నిలబడెను.

"బాబాయిగారూ, ఆ పాత కాగితం కాలేజీ ఫైల్లో ఉంది కదండీ. దాన్నేం చేద్దాం?"

మార్కులు పడిపోయినవి, ఆ ఏడు దాటిపోయినది. కాలేజీకి వ్రాసినచో ఇబ్బంది అతనికే. వ్రాయకున్నచో నా సంతకము అక్కడ అట్లే యుండును. ఆలోచించి చెప్పుదునంటిని. ఇంకను ఆలోచించుచునే యున్నాను.